రేషన్ కార్డు లేకపోతే తిండి హక్కు లేనట్టేనా?

ఇంట్లో తిండికి ఇబ్బందిగా ఉందని ఎవరైనా నోరు తెరిచి చెప్పుకుంటే మన దగ్గర మొదట వినపడే ప్రశ్న "కార్డు ఉందా?" అని. లేదంటే మాట అక్కడితో ఆగిపోతుంది. కార్డు ఉన్నవాళ్ళలోనూ కొందరు "మీ పేరు తీసేశారు" అన్న జవాబు దగ్గర, కొందరు "వేలిముద్ర పడటం లేదు" దగ్గర, కొందరు "మీది ఈ రాష్ట్రం కాదు కదా" దగ్గర వెనక్కి తిరుగుతారు. ఇవి నాలుగు వేర్వేరు చిక్కులు. ఒక్కోదాన్ని విప్పాల్సిన ఆఫీసూ, అడగాల్సిన తీరూ వేరు. అన్నిటినీ కలిపి "మాకు రేషన్ రాదు" అని ఒక్క మాటలో అనేసుకోవడం వల్లే చట్టప్రకారం రావాల్సిన తిండిని చాలామంది వదిలేసుకుంటున్నారు.

ముందు చట్టం సంగతి. తెలుగువాళ్ళకు చౌక బియ్యం కొత్త కాదు. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టింది. కానీ అది ప్రభుత్వం తలచుకుంటే ఇచ్చేది, వద్దనుకుంటే తగ్గించేది. 2001లో కథ మారింది. రాజస్థాన్‌లో కరువు, భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) గోదాముల్లో మాత్రం నిండుగా ధాన్యం. ఆ పరిస్థితిలో పీయూసీఎల్ అనే పౌర హక్కుల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఆకలి లేకుండా బతకడం జీవించే హక్కులో భాగమేనన్నది వారి వాదన. అదే ఏడాది నవంబరు 28న కోర్టు మధ్యాహ్న భోజనం, అంగన్‌వాడీ, నిరుపేదలకు ధాన్యమిచ్చే అంత్యోదయ లాంటి ఎనిమిది పథకాలను ప్రజల హక్కులుగా అమలు చేయమని ఆదేశించింది. ఏళ్ళ తరబడి సాగిన ఆ కేసు నేపథ్యంలోనే 2013లో జాతీయ ఆహార భద్రతా చట్టం వచ్చింది. రేషన్ షాపు ఈ చట్టంలో ఒక భాగం మాత్రమే. దాని పక్కన ఇంకొన్ని తలుపులున్నాయి, వాటిలో చాలావాటికి కార్డుతో పని లేదు.

కార్డు అడగని చోట్లు

చట్టంలోని 4, 5, 6 సెక్షన్లు ఆదాయం ఊసెత్తవు. కడుపుతో ఉన్న ప్రతి స్త్రీకీ, కాన్పయ్యాక ఆరు నెలల దాకా తల్లికీ అంగన్‌వాడీ ద్వారా ఉచితంగా ఆహారం ఇవ్వాలి. ఆరు నెలలు నిండిన బిడ్డ నుంచి ఆరేళ్ళ పిల్లల దాకా అదే హక్కు ఉంది. వయసుకు తగ్గ బరువు లేని పిల్లల్ని గుర్తించి వాళ్ళకు ఆహారం అందించే బాధ్యత కూడా అంగన్‌వాడీదే. తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి పేరుతో గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీ కేంద్రంలోనే పూట భోజనం, గుడ్డు, పాలు ఇస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ అంగన్‌వాడీ ద్వారా గుడ్లు, పాలతో సహా ఆహారం ఇచ్చే ఏర్పాటు ఉంది.

రేషన్ కార్డు లేదని అంగన్‌వాడీకి వెళ్ళని తల్లులున్నారు. ఈ రెంటికీ సంబంధమే లేదని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. పల్లెలో అంగన్‌వాడీ టీచర్‌కు ప్రతి ఇల్లూ తెలుసు, కాన్పు వార్త ఆమెకు దానంతటదే చేరుతుంది. పట్నంలో అద్దె గదికి కొత్తగా వచ్చిన కుటుంబానికి ఆ వీలు లేదు. కూలి పనికో, అపార్టుమెంటు వాచ్‌మన్‌గానో వచ్చినవాళ్ళ పిల్లలు ఎవరి లెక్కలోనూ ఉండరు. మీ వీధిలో అలాంటి ఇల్లు కనిపిస్తే దగ్గర్లోని అంగన్‌వాడీ ఎక్కడో చూపించండి. చందా ఇవ్వడం కన్నా అది ఎక్కువ సాయం.

బడి భోజనం సంగతి అందరికీ తెలిసిందే కనుక క్లుప్తంగా చెబుతాను. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి దాకా అది చట్టం ఇచ్చిన హక్కు. అయిదో తరగతి లోపు పిల్లలకు పూటకు 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్, ఆ పైన ఎనిమిది వరకు 700 కేలరీలు, 20 గ్రాములు ఉండాలని చట్టంతో పాటున్న షెడ్యూలు చెబుతోంది. రెండు తెలుగు రాష్ట్రాలూ పదో తరగతి దాకా పెడుతున్నాయి. ఆంధ్రప్రదేశ్ 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కాలేజీలకూ విస్తరించింది. ఆ పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. గోదావరి లంక గన్నవరంలో వేళాపాళా చూడకుండా వచ్చిన ప్రతివాడికీ అన్నం పెట్టిన ఆ తల్లి పేరు పిల్లల కంచం మీద ఉండటం నాకు సంతోషంగా ఉంది.

ఇక ఏ కాగితమూ అడగనివి అయిదు రూపాయల క్యాంటీన్లు. హైదరాబాద్‌లో నగరపాలక సంస్థ 2014లో మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో అన్న క్యాంటీన్లు 2018లో మొదలై, మధ్యలో మూతపడి, 2024 ఆగస్టులో మళ్ళీ తెరుచుకున్నాయి. గుళ్ళలో అన్నదానాలు, గురుద్వారాల్లో లంగర్లు కూడా ఎందరినో ఆదుకుంటున్నాయి. అయితే మూతపడినప్పుడు నిలదీసి అడిగే వీలు వీటి విషయంలో లేదు. అంగన్‌వాడీ, బడి, రేషన్ అలా కాదు, అవి ఆగితే అడగడానికి చట్టం ఉంది.

మరి వీటిలో దేనికిందకీ రాని మనుషులెవరు? బడి వయసు దాటిన, చంటిపిల్లలు లేని పెద్దవాళ్ళు. ఒంటరి ఆడవాళ్ళు, పని దొరకని నడివయసు వాళ్ళు, పిల్లలు వదిలేసిన ముసలివాళ్ళు. వీళ్ళకు నెల నెలా తిండిగింజలు రావాలంటే కార్డు తప్ప వేరే దారి లేదు. కార్డు చిక్కుల గురించి ఇంత వివరంగా మాట్లాడాల్సి రావడం వాళ్ళ కోసమే.

అర్హత ఉన్నా కార్డు ఎందుకు రాదు?

దేశం మొత్తం మీద గ్రామాల్లో 75 శాతం, పట్టణాల్లో 50 శాతం జనాభాకు మించకుండా ధాన్యం ఇవ్వాలని చట్టం హద్దు పెట్టింది. 2011 జనాభా లెక్కల ప్రకారం అది 81.35 కోట్ల మంది. ప్రతి రాష్ట్రానికీ ఇంతమంది అని కోటా కట్టారు. 2021లో జరగాల్సిన లెక్కలు జరగలేదు. జనం పెరిగారు, కోటా పెరగలేదు. జనాభాతో పాటు కోటాను పెంచకపోవడం వల్ల 10 కోట్లకు పైగా జనం బయట ఉండిపోయారని ఆర్థికవేత్తలు జాన్ డ్రేజ్, రీతికా ఖేరా 2020లోనే లెక్కగట్టి చెప్పారు. కొత్త జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. దాని ఫలితాలు వచ్చి కోటా తిరగరాసేదాకా ఈ ఇరుకు పోదు. కాబట్టి కార్డు రాలేదంటే మీరు పేదవారు కాదని ప్రభుత్వం తేల్చినట్టు కాదు. కోటాలో చోటు లేకపోయి ఉండొచ్చు.

తెలుగు రాష్ట్రాలు ఈ కొరతను కొంత సొంత డబ్బుతో పూడుస్తున్నాయి. అంటే కేంద్రం కోటాలో ఉన్న కార్డులు కొన్ని, రాష్ట్రం తన ఖర్చుతో ఇస్తున్నవి కొన్ని. షాపు దగ్గర రెండూ ఒకేలా పనిచేస్తాయి. తేడా రాష్ట్రం దాటినప్పుడే బయటపడుతుంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

అర్హతను నిర్ణయించే అధికారం రాష్ట్రాలది. తెలంగాణలో ఏడాది ఆదాయం గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు దాటకూడదు. భూమి మాగాణి అయితే మూడున్నర ఎకరాలు, మెట్ట అయితే ఏడున్నర ఎకరాల లోపు ఉండాలి. దరఖాస్తు మీసేవలో. ఆంధ్రప్రదేశ్ బియ్యం కార్డుకు నెలకు గ్రామాల్లో పది వేలు, పట్టణాల్లో పన్నెండు వేల రూపాయల ఆదాయం హద్దు. మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు దాటకూడదు. నెలకు సగటున 300 యూనిట్లకు మించి కరెంటు వాడకూడదు. సొంత కారు, ఆదాయపు పన్ను, ప్రభుత్వ ఉద్యోగం ఉండకూడదు. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరుకు మినహాయింపు ఉంది. పారిశుద్ధ్య కార్మికులనూ ఉద్యోగుల కింద లెక్కించరు. దరఖాస్తు గ్రామ, వార్డు సచివాలయంలో.

తిరస్కరణలు ఎక్కువగా ఇక్కడే పుడతాయి. ఒకే మీటరు మీద మూడు వాటాలు నడిచే ఇంట్లో అద్దెకున్నవాళ్ళకు ఆ మూడిళ్ళ కరెంటూ తమ ఖాతాలో పడుతుంది. ఎవరి కారో, ఎవరి పొలమో మీ ఆధార్ నంబరుకు తప్పుగా అతుక్కుని ఉంటుంది. పేరు మీదున్న పాత బండి ఎప్పుడో అమ్మేసినా కాగితాల్లో మారదు. అందుకే "అనర్హులు" అన్న ఒక్క మాటతో వెనక్కి రాకూడదు. ఏ నిబంధన కింద అనర్హులని తేలిందో అడిగి రాయించుకోవాలి. కరెంటు అయితే విద్యుత్ శాఖ, భూమి అయితే తహశీల్దారు, వాహనం అయితే రవాణా శాఖ. కారణం తెలిస్తే ఎక్కడికి పోవాలో తెలుస్తుంది. తెలియకపోతే ఎన్నిసార్లు దరఖాస్తు పెట్టినా అదే జవాబు వస్తుంది.

ఇంత గట్టి వడపోత వెనక ఒక పాత కారణముంది. ఉమ్మడి రాష్ట్రం రోజుల నుంచీ తెల్ల కార్డే ఆరోగ్యశ్రీకీ ఫీజు రీయింబర్స్‌మెంట్‌కూ ఆధారమైంది. బియ్యం అక్కర్లేని ఇళ్ళు కూడా ఆసుపత్రి కోసం, పిల్లల చదువు కోసం కార్డు పట్టుకోక తప్పలేదు. వాళ్ళది తప్పని నేను అనను. కానీ వడపోత ఎంత గట్టిగా పెడితే అంతగా నలిగేది కాగితాలు సరిగా చూపించలేని పేదలే. తిండినీ వైద్యాన్నీ ఒకే కాగితానికి కట్టడం మన ప్రభుత్వాలు చేసిన పెద్ద పొరపాటని నా గట్టి నమ్మకం.

ఎంత బియ్యం, ఎవరికి?

మామూలు కార్డు మీద మనిషికి నెలకు అయిదు కిలోలు. తెలంగాణ ఇంకో కిలో కలిపి ఆరు ఇస్తోంది, 2025 ఉగాది నుంచి సన్న బియ్యమే ఇస్తోంది. నిరుపేదల కోసం 2000 డిసెంబరులో మొదలైన అంత్యోదయ కార్డు మీద మాత్రం మనుషుల లెక్క లేదు, ఇంటికి 35 కిలోలు. ఒంటరి వితంతువుకు ఇది చాలా పెద్ద అండ. తొమ్మిది మంది ఉన్న ఇంటికి మాత్రం నష్టం. తలకు నాలుగు కిలోలు కూడా రావు, మామూలు కార్డు అయితే 45 కిలోలు వచ్చేవి. తెలంగాణ లెక్కలో ఆరుగురున్న ఇంటికే మామూలు కార్డు ఒక కిలో ఎక్కువ ఇస్తుంది. అంత్యోదయ అంటే ఎప్పుడూ ఎక్కువే అనుకోవడం సరికాదు. ఇంట్లో ఎందరున్నారో చూసుకోవాలి.

2023 జనవరి నుంచి ఈ ధాన్యానికి ధర లేదు. 2024 జనవరి నుంచి మరో అయిదేళ్ళు ఉచితంగానే ఇస్తామని కేంద్రం నిర్ణయించింది. బియ్యానికి ఎవరు డబ్బడిగినా ఇవ్వనక్కర్లేదు. అయిదు కిలోలంటే రోజుకు 170 గ్రాములు కూడా కాదు. పప్పు, నూనె, కూర చట్టం లెక్కలో లేవు. కడుపు కొంతవరకు నిండుతుంది, ఒంటికి బలం రాదు. పైన చెప్పిన అంగన్‌వాడీ గుడ్డూ, బడి భోజనమూ రేషన్ ఉన్న ఇంటికి కూడా అవసరం కావడానికి ఇదే కారణం.

ఆ బియ్యంలో అక్కడక్కడా తేడాగా కనిపించే గింజల్ని ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేసేవాళ్ళున్నారు. దయచేసి పారేయకండి. అవి బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి గింజలుగా చేసి, నూరు పాళ్ళ బియ్యానికి ఒక పాలు చొప్పున కలిపినవి. రక్తహీనత ఇంత ఎక్కువగా ఉన్న ఇళ్ళలో ఆ గింజలు చెత్తబుట్టలో పడటం చూస్తే బాధేస్తుంది.

పేరు, వేలిముద్ర

పెళ్ళయి వచ్చిన కోడలి పేరు అత్తవారింటి కార్డులో ఎక్కాలంటే పుట్టింటి కార్డులో ముందు తీయించాలి. ఒకచోట తీసి ఇంకోచోట ఎక్కేలోపు నెలలు గడిచిపోతే ఆమె ఎక్కడా లేని మనిషవుతుంది. ఆమెకు పుట్టిన బిడ్డ పేరు కూడా ఎక్కదు. తొలగించిన రసీదు చేతికి రాగానే కొత్తచోట చేర్చే దరఖాస్తు పెట్టేయడం మంచిది. చట్టం ఆడవాళ్ళకు ఒక మేలు చేసింది. ఇంట్లో పద్దెనిమిదేళ్ళు దాటిన స్త్రీలలో పెద్దామె కార్డుకు యజమానురాలు. భర్త వదిలేసి పోయినా కార్డు తనదేనని ఆమె గట్టిగా నిలబడొచ్చు.

ఈకేవైసీ ఇంకో చిక్కు. కార్డులో ఉన్న ప్రతి ఒక్కరూ వేలిముద్రతో తాము ఉన్నామని నిరూపించుకోవాలి. 2025 జూలైలో కేంద్రం రేషన్ సరఫరాను నడిపించే నియంత్రణ ఉత్తర్వును సవరించింది. అయిదేళ్ళకోసారి ఈకేవైసీ తప్పనిసరి. అయిదేళ్ళ లోపు పిల్లలకు ఇప్పుడు అక్కర్లేదు, ఆ వయసు నిండిన ఏడాదిలోగా చేయించాలి. ఆరు నెలలుగా సరుకు తీసుకోని కార్డును తాత్కాలికంగా ఆపేసి, మూడు నెలల్లోగా ఇంటికొచ్చి విచారించాలి. తాత్కాలికంగా అన్న మాట గుర్తుపెట్టుకోండి. వలసపోయి వచ్చిన ఇంటికి కార్డు ఆగిందంటే పూర్తిగా పోయినట్టు కాదు. విచారణ జరిపించమని అడిగి ఈకేవైసీ చేయించుకుంటే తిరిగి తెరుచుకుంటుంది.

నెల నెలా సరుకు తెచ్చుకోవడానికి మాత్రం ఇంటిల్లిపాదీ పోనక్కర్లేదు, కార్డులో పేరున్న ఎవరో ఒకరు చాలు. మట్టి పని, ఇటుక బట్టీ, బీడీలు చుట్టడంలో అరిగిపోయిన వేళ్ళను యంత్రం గుర్తించదు. కష్టపడిన చేతులకే ఈ శిక్ష పడటం ఏ రకంగానూ న్యాయం కాదు. అప్పుడు కనుపాపతో, లేదా ఆధార్‌కు కలిపిన ఫోనుకు వచ్చే ఓటీపీతో ఇవ్వమని డీలరును అడగాలి. జార్ఖండ్ సిమ్‌డేగా జిల్లాలో కార్డు రద్దయిన ఇంట్లో పదకొండేళ్ళ పాప చనిపోయిన తర్వాత 2017 అక్టోబరులో కేంద్రం రాష్ట్రాలకు రాతపూర్వకంగా ఆదేశాలిచ్చింది. ఆధార్ లేదనో, వేలిముద్ర పడలేదనో ఎవరి పేరూ తీసేయకూడదని, ఎవరికీ ధాన్యం నిరాకరించకూడదని అందులో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటింటికీ తిరిగే బండ్లు ఆగి, 2025 జూన్ నుంచి మళ్ళీ షాపులే తెరిచారు. 65 ఏళ్ళు దాటినవారికి, దివ్యాంగులకు మాత్రం ఇంటికే చేర్చాలి. నడవలేని పెద్దవాళ్ళ తరఫున ఈ మాట డీలరుకు గుర్తుచేయాల్సింది పక్కింటివాళ్ళమైన మనమే.

ఊరు దాటితే

ఒకే దేశం ఒకే రేషన్ కార్డు ఏర్పాటులో 2019 ఆగస్టులో రాష్ట్రాల మధ్య మొదటి ప్రయోగాల్లో ఒకటి జరిగింది మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్యే. 2022కల్లా అది దేశమంతటా వచ్చింది. కార్డు వెంట ఉండక్కర్లేదు. కార్డు నంబరో ఆధార్ నంబరో చెప్పి వేలిముద్ర వేస్తే చాలు. సగం సరుకు పనికిపోయిన చోట, మిగతా సగం ఊళ్ళో ఉన్నవాళ్ళు తీసుకోవచ్చు.

ఇందాక ఆపిన మాట ఇక్కడ అవసరమవుతుంది. రాష్ట్రం దాటాక చెల్లేది కేంద్రం కోటాలోని కార్డు మాత్రమే. రాష్ట్రం సొంత ఖర్చుతో ఇచ్చిన కార్డు అక్కడ పనిచేయదు. తెలంగాణ కలిపే ఆ అదనపు కిలో కూడా రాదు. నలుగురున్న ఇంటికి ఊళ్ళో 24 కిలోలు వస్తే పుణేలో 20 వస్తాయి. అవి కూడా ఆ రాష్ట్రం ఇచ్చే ధాన్యమే, గోధుమ కలిసి రావచ్చు. పనికి బయల్దేరే ముందే మీ కార్డు ఏ రకమో డీలరు దగ్గరో, తహశీల్దారు ఆఫీసులోనో కనుక్కుంటే పరాయి ఊళ్ళో తగాదా తప్పుతుంది.

అసలు కార్డే లేని వలస కూలీల గురించి సుప్రీంకోర్టు 2021 జూన్‌లో తీర్పిచ్చింది. కొవిడ్ ఉన్నంతకాలం వాళ్ళకు పొడి సరుకులు ఇవ్వాలని, సామూహిక వంటశాలలు నడపాలని చెప్పింది. అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం పెట్టిన ఈశ్రమ్ పోర్టల్‌లో పేరు నమోదై కార్డు లేనివాళ్ళకు కార్డులివ్వాలని 2023 ఏప్రిల్‌లో మళ్ళీ ఆదేశించింది. ఈశ్రమ్ నమోదు ఉంటే దరఖాస్తులో ఆ నంబరు తప్పకుండా రాయండి.

కాదంటే ఎవరిని అడగాలి?

మొదటి మెట్టు 1967కి ఫోను. తూకంలో తేడా, షాపు తెరవకపోవడం, డీలరు దురుసు లాంటివి చాలాసార్లు ఇక్కడే తేలిపోతాయి. ఫిర్యాదు నంబరు రాసుకోండి. నోటిమాటగా చెప్పిన ఫిర్యాదు ఆ గదిలోనే మిగిలిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా ఫిర్యాదుల వేదికలో, తెలంగాణలో ప్రజావాణిలో కాగితం మీద రాసిచ్చి రసీదు తీసుకోవాలి. ఆహార భద్రతా చట్టం ప్రతి జిల్లాకూ ఒక ఫిర్యాదుల పరిష్కార అధికారిని పెట్టమంది. సాధారణంగా జాయింట్ కలెక్టరో, అదనపు కలెక్టరో ఆ బాధ్యత చూస్తారు. దరఖాస్తు మీద "సెక్షన్ 15 కింద ఫిర్యాదు" అని రాస్తే అది ఇతర అర్జీల కుప్పలో కలవకుండా ఉంటుంది. ఇది రేషన్‌కే కాదు, అంగన్‌వాడీ, బడి భోజనాలకూ వర్తిస్తుంది.

అక్కడా తేలకపోతే రాష్ట్ర ఆహార కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. రెండు రాష్ట్రాల్లోనూ కమిషన్లున్నాయి. జిల్లా అధికారి చెప్పిన ఊరట ఇవ్వకుండా సరైన కారణం లేకుండా ఊరుకున్న ఉద్యోగికి అయిదు వేల రూపాయల దాకా జరిమానా వేసే అధికారం వాటికి ఉంది.

చాలామందికి తెలియనిది సెక్షన్ 8. కోటాలో ఉన్న మనిషికి నెల సరుకు ఇవ్వలేకపోతే ప్రభుత్వం దాని బదులు డబ్బు చెల్లించాలి. దీని పేరు ఆహార భద్రతా భత్యం. మద్దతు ధర ఆధారంగా దాన్ని ఎలా లెక్కగట్టాలో 2015 నిబంధనల్లో ఉంది. అయితే ఆ నెలలో షాపుకు పోని మనిషికి భత్యం రాదు. సర్వర్ పనిచేయడం లేదని, సరుకు రాలేదని ఎవరో చెబితే విని ఇంట్లోనే ఉండిపోవద్దు. షాపుకు వెళ్ళి యంత్రం మీద వేలు పెట్టండి. రాలేదని చూపించే చీటీ అడగండి, ఇవ్వకపోతే అక్కడి నుంచే 1967కి ఫోను చేసి ఆ తేదీ, ఫిర్యాదు నంబరు కార్డు వెనక రాసుకోండి.